ఊరి పేరు మోస్తున్న చిట్టి క్యాబేజీ

కొన్ని ఊళ్ళ పేర్లు వినగానే నోట్లో రుచి మెదలుతుంది. బందరు అనగానే లడ్డు, ఆత్రేయపురం అనగానే పూతరేకులు, కాకినాడ అనగానే కాజా, హైదరాబాదు అనగానే హలీమ్ స్ఫురిస్తాయి. ఆ ఊళ్ళను ఎన్నడూ చూడనివారికి కూడా వాటి రుచి తెలుసు. యూరప్ ఖండంలో అలా తిండితో ముడిపడిన పేరు బ్రస్సెల్స్. బెల్జియం దేశానికి అది రాజధాని. ఐరోపా సమాఖ్య ప్రధాన కార్యాలయాలూ, నాటో కేంద్ర కార్యాలయమూ అక్కడే ఉన్నాయి. అయినా ప్రపంచంలోని కూరగాయల అంగళ్ళలో ఆ నగరం పేరును మోస్తున్నది ఉసిరికాయంత పరిమాణం గల ఒక చిట్టి క్యాబేజీ. దానినే బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ అంటారు. ఫ్రెంచివారు దానిని ‘బ్రస్సెల్స్ క్యాబేజీ’ అని పిలుస్తారు. డచ్చి భాష మాట్లాడేవారు ఊరి పేరు లేకుండా ‘చిన్న మొలకలు’ అని మాత్రమే అంటారు.

మన లడ్డుకూ కాజాకూ ఉన్నంత మంచి పేరు పాపం దీనికి లేదు. చేదనీ, ఉడికిస్తే ఇల్లంతా వాసన కొడుతుందనీ యూరప్ పిల్లలు తరతరాలుగా దీనిని పళ్ళెంలో ఓ పక్కకు నెట్టేస్తూ వచ్చారు. కాకరకాయ కూర వండిన రోజున మన ఇళ్ళలో పిల్లల ముఖాలు ఎలా ముడుచుకుంటాయో అక్కడా అంతే. అయితే ఆ చేదులో కూరగాయ పాలు ఎంత, వండే చేతి పాలు ఎంత అన్నది తేల్చవలసిన విషయం. ఆ కూరగాయ పుట్టిన నేల మీదనే, మన ధర్మాన్ని అనుసరించే ఒక పెద్దావిడ వంటగదిలో ఆ లెక్క తేలటం నేను చూశాను.

పొలాలు పోయినా పోని పేరు

మా తమ్ముడు ఉద్యోగరీత్యా కుటుంబంతో బ్రస్సెల్స్‌లో స్థిరపడి కొన్నేళ్ళయింది. ఒక డిసెంబరు మాసంలో నేను వారింట మూడు వారాలు ఉన్నాను. వారి ఇల్లు సాన్ జీల్ అనే పేటలో ఉంది. బ్రస్సెల్స్ ప్రాంతంలో మొత్తం 19 పురపాలక పేటలున్నాయి. సాన్ జీల్ వాటిలో చిన్నవాటి కోవలోనిది. రెండున్నర చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో సుమారు 50 వేల మంది నివసిస్తారు. నగరంలోని పెద్ద రైల్వే స్టేషన్లలో ఒకటైన మిది స్టేషన్ వద్ద దిగి, ఎత్తుగా సాగే వీధుల వెంట నడిస్తే ఆ పేటకు చేరుకోవచ్చు. పాత కాలంలో దీనిని ‘ఓబ్రుసెల్’ అనేవారు. ఎగువ బ్రస్సెల్స్ అని దాని అర్థం. అప్పట్లో అది నగర ప్రాకారం వెలుపల ఉన్న పల్లె. అక్కడి రైతులు క్యాబేజీలూ, ఈ చిట్టి క్యాబేజీలూ పండించి నగరానికి అమ్మేవారు. అందువల్లనే సాన్ జీల్ వాసులకు స్థానిక మాండలికంలో ‘కూల్‌కాపర్స్’ అనే ముద్దుపేరు వచ్చింది. క్యాబేజీలు నరికేవాళ్ళు అని ఆ మాటకు అర్థం.

నేడు ఆ పేటలో పొలమన్నది మచ్చుకైనా కానరాదు. 19వ శతాబ్దంలో నగరం పెరిగి పెరిగి పల్లెను మింగివేసింది. పైరు పెరిగిన చోట నాలుగంతస్తుల ఇళ్ళు, ట్రాము పట్టాలు, కాఫీ అంగళ్ళు వెలిశాయి. 20వ శతాబ్దం తొలినాళ్ళలో కట్టిన పురపాలక భవనం తన ఎత్తైన గోపురంతో దూరం నుంచే కనిపిస్తుంది. మన హైదరాబాదులో బషీర్‌బాగ్, జామ్‌బాగ్ అన్న పేర్లలో మాత్రమే తోటలు మిగిలినట్లు, ఇక్కడ ప్రజల ముద్దుపేరులో మాత్రమే క్యాబేజీ మిగిలింది. ఇప్పుడు ఈ కూరగాయను యూరప్‌లో నెదర్లాండ్స్, బ్రిటన్ దేశాలు పెద్ద ఎత్తున పండిస్తున్నాయి. అమెరికాలో కాలిఫోర్నియా తీరప్రాంతం దీనికి పేరు పొందింది. ఆ దేశాధ్యక్షుడిగా పనిచేసిన థామస్ జెఫర్సన్ 1812లోనే తన మాంటిచెల్లో తోటలో దీనిని నాటించాడు. ఇలా పుట్టిన ఊరిని దాటి దేశదేశాలు తిరిగినా, అది ఊరి పేరును మాత్రం విడిచిపెట్టలేదు.

ఆదివారం సంత

మిది స్టేషన్ చుట్టూ ప్రతి ఆదివారం పెద్ద సంత జరుగుతుంది. యూరప్‌లోని పెద్ద సంతలలో అది ఒకటి. తెల్లవారేసరికే గుడారాలు వేసి, పెట్టెలు దించి అమ్మకందార్లు కేకలు మొదలుపెడతారు. ఆ కేకలు సగం ఫ్రెంచిలో, సగం అరబ్బీలో ఉంటాయి. ఆలివ్ కాయల గుట్టలు, పుదీనా కట్టలు, కొత్తిమీర, ఖర్జూరాలు, పెనం మీద కాలుతున్న మొరాకో పొరల రొట్టెలు, వాటి పక్కనే బెల్జియం నేల మీద పండిన ఉల్లికాడలు, బంగాళదుంపలు, బ్రస్సెల్స్ స్ప్రౌట్స్. మధ్యాహ్నం దాటేకొద్దీ ధరలు దిగుతాయి. మన రైతుబజారులో సాయంత్రపు బేరమే అక్కడ మధ్యాహ్నానికి మొదలవుతుందన్నమాట.

ఒక దుకాణంలో ఈ కూరగాయను కాడతో సహా అమ్ముతుండగా మొదటిసారి చూశాను. మన క్యాబేజీలా నేలకు అంటుకొని ఒకటే గడ్డగా కాయదు. మొక్క మనిషి నడుము ఎత్తు దాకా నిటారుగా పెరుగుతుంది. ప్రతి ఆకు తొడిమ వద్ద ఒక మొగ్గ పుట్టి, ముడుచుకొని చిన్న క్యాబేజీ ఆకారం దాల్చుతుంది. అలా కాడ చుట్టూ మెలికలు తిరుగుతూ కింది నుంచి పై దాకా పదుల కొద్దీ కాయలు కిక్కిరిసి ఉంటాయి. తలపై మాత్రం గొడుగులా వెడల్పాటి ఆకులుంటాయి. కింది కాయలు ముందుగా, పై కాయలు తరువాత పక్వానికి వస్తాయి. వృక్షశాస్త్రం ప్రకారం క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీ, నూల్‌కోల్, ఈ చిట్టి క్యాబేజీ అన్నీ ఒకే జాతి మొక్కలు. మనిషి వేల ఏళ్ళుగా ఒక దానిలో ఆకును, మరొక దానిలో పువ్వును, ఇంకొక దానిలో కాండాన్ని, దీనిలో మొగ్గను ఎంచుకొని పెంచటం వల్ల ఇన్ని రూపాలు ఏర్పడ్డాయి. ఒకే మొక్కలో ఇన్ని ఆహారాలను దాచి ఉంచిన సృష్టికర్త పరిశుద్ధుడు.

ఈ సంతలో అరబ్బీ ఇంతగా వినిపించటం వెనుక ఒక చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత బెల్జియం గనులకూ, కర్మాగారాలకూ, కట్టడాలకూ మనుషులు చాలలేదు. 1964 ఫిబ్రవరిలో మొరాకోతో, అదే ఏడాది జులైలో టర్కీతో ఆ దేశం కార్మిక ఒప్పందాలు కుదుర్చుకొంది. అలా వచ్చినవారిలో మొరాకో ఉత్తర భాగాన ఉన్న రిఫ్ కొండప్రాంతం నుంచి తరలివచ్చినవారు ఎందరో. కొన్నేళ్ళు పనిచేసి తిరిగి వెళదామనుకున్నవారు అక్కడే స్థిరపడ్డారు. పిల్లలు పుట్టారు, మనుమలూ పుట్టారు. నగరంలోని సింకాంతనేర్ ఉద్యానవనంలో అరబ్బు శైలిలో ఒక పాత భవనం ఉండేది. 19వ శతాబ్దంలో జరిగిన ప్రదర్శనల కాలం నాటి ఆ కట్టడంలో కైరో నగర దృశ్యాన్ని చూపే మహాచిత్రాన్ని ఉంచేవారు. 1967లో రాజు బొదువాన్ దానిని సౌదీ రాజు ఫైసల్‌కు అప్పగించగా, మరమ్మతుల అనంతరం 1978లో అది మస్జిదుగా ప్రారంభమైంది. ఒకప్పుడు తూర్పు దేశాలను బొమ్మగా చూసేందుకు జనం వచ్చిన చోట ఇప్పుడు ఆ తూర్పు దేశాల బిడ్డలే వరుసలు కట్టి నమాజు చేస్తారు.

పళ్ళెం ముందు పసిదాని సందిగ్ధం

ఇక మా తమ్ముడి ఇంటి సంగతి. మా మేనకోడలికి పదకొండేళ్ళు. చలికాలంలో పాఠశాల భోజనంలో వారానికోసారి ఈ చిట్టి క్యాబేజీ వడ్డిస్తారు. బూడిదరంగుకు తిరిగేదాకా నీళ్ళలో ఉడికించి, వేయించిన పందిమాంసపు ముక్కలు కలపటం అక్కడి పాత పద్ధతి. బెల్జియం ఇళ్ళలోనూ ఇది మామూలే. అటువంటి రోజున ఆ పిల్ల రొట్టె మాత్రమే తిని సాయంత్రం ఆకలితో ఇంటికి వచ్చేది. మొదట్లో వడ్డించేవారు “ముక్కలు తీసి పక్కన పెట్టి తిను తల్లీ” అన్నారట. కానీ ముక్కలు తీసినా వాటి కొవ్వు అప్పటికే కూరకు పట్టి ఉంటుంది కదా. పిల్ల ఆ మాటే చెప్పి పళ్ళెం వెనక్కి ఇచ్చివేసింది. వాళ్ళు కోపగించుకోలేదు, కానీ వేరే కూరా ఇవ్వలేదు.

కాలక్రమంలో మా మరదలి మనసులో ఆ కూరగాయ మీదనే ఒక విముఖత ఏర్పడింది. సంతలో కళ్ళెదుట గుట్టలుగా ఉన్నా కొనేది కాదు. “అది వాళ్ళ కూర ఆపా, మనకు పనికిరాదు. పిల్లకు చేదు, వాసన, పైగా ఆ మాంసం” అనేది. చలికాలంలో తాజాగా, చవకగా దొరికే కూరగాయను వదిలిపెట్టి, విమానాల్లో వచ్చిన బెండకాయలూ దొండకాయలూ మూడింతల ధర పెట్టి కొనేది. పరాయి దేశంలో బిడ్డల ధర్మాన్ని కాపాడుకోవాలని తపించే తల్లి అలా ఆలోచించటంలో ఆశ్చర్యం లేదు. అయినా దానివల్ల మరొకటి జరుగుతున్నది. తాను పుట్టి పెరుగుతున్న ఊరి తిండిని ఆ పిల్ల అంతటినీ కలిపి ‘నాది కానిది’ అనే గంపలో వేసుకుంటున్నది. ఒక రోజు నాతో, “ఫుప్పీ, ఈ ఊరిలో మనం తినగలిగేది ఏదీ ఉండదు కదా?” అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను రెండు రోజులు వెంటాడింది. పుట్టిన ఊరు తనది కాదనుకొని పెరిగే పిల్ల రేపు ఎక్కడ తన చోటును వెదుక్కుంటుంది?

కింది అంతస్తులోని పెద్దావిడ

అదే భవనంలో కింది అంతస్తులో మొరాకోకు చెందిన ఒక పెద్దావిడ ఉంటుంది. వయసు డెబ్భై దాటింది. హజ్జ్ చేసివచ్చినందున అందరూ ఆమెను హాజ్జా అని పిలుస్తారు. నవవధువుగా రిఫ్ కొండల నుంచి వచ్చి, ఈ పేటలోనే ఆరుగురు బిడ్డలను పెంచి పెద్ద చేసింది. ఒక శుక్రవారం సాయంత్రం మమ్మల్ని భోజనానికి పిలిచింది. ఆమె మాట్లాడే అరబ్బీ, ఫ్రెంచి కలగలుపును మా మేనకోడలు తెలుగులోకి మార్చి చెప్పింది.

వంటగదిలో ఒక పళ్ళెం నిండా కడిగిన బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ కనబడగానే మా మరదలు ముఖం కాస్త ముడుచుకుంది. హాజ్జా ఆ ముఖాన్ని చదివేసింది. నవ్వుతూ మా మేనకోడలి తల నిమిరి, “బింతీ, మీ అమ్మతో చెప్పు. భూమిలో మొలిచింది అల్లాహ్ ఇచ్చిందే. పక్కన వేసిన మాంసమే మనది కాదు. దాన్ని వాళ్ళకు వదిలేసి, దీన్ని మనం తెచ్చుకుందాం” అన్నది. ఆ మాటను తెలుగులో చెబుతూ చెబుతూ పిల్ల మధ్యలో ఆగి తల్లి వైపు చూసింది. మరదలు ఏమీ అనలేదు. చేతులు కడుక్కొని హాజ్జా పక్కన పీట మీద కూర్చొని, కత్తి అందుకుంది.

అప్పుడు వండిన తీరు ఇది. ముందుగా ఓవెన్‌ను 200 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కించి, అందులోనే ఖాళీ ఇనుప పళ్ళేన్ని కూడా ఉంచింది. కాయల తొడిమ చివర కొంచెం కోసి, వాడిన పై రేకులు తీసి, నిలువున రెండుగా చీల్చింది. కడిగిన తడిని శుభ్రమైన గుడ్డతో పూర్తిగా తుడిచింది. తడి ఉంటే అవి వేగవు, ఆవిరికి ఉడుకుతాయి అని హెచ్చరించింది. అర కిలో ముక్కలకు మూడు చెంచాల ఆలివ్ నూనె, తగినంత ఉప్పు, అర చెంచా దంచిన జీలకర్ర, చిటికెడు ఎర్ర మిరపపొడి కలిపింది. వేడి పళ్ళెంలో ప్రతి ముక్కనూ కోసిన వైపు కిందికి ఉండేలా పరిచింది. ఒకదాని మీద ఒకటి పడకుండా మధ్య మధ్య ఖాళీ వదిలింది. పళ్ళెం తగలగానే సుయ్ మని చప్పుడు వచ్చింది.

పావుగంట అయ్యాక ఒకసారి కదిపి, సన్నగా తరిగిన వెల్లుల్లి వేసింది. వెల్లుల్లి ముందే వేస్తే మాడి చేదవుతుందట. మరో ఏడెనిమిది నిమిషాలకు కోసిన ముఖాలు ముదురు బంగారు రంగుకు తిరిగాయి. ఊడిన రేకులు అప్పడం ముక్కల్లా కరకరలాడసాగాయి. బయటకు తీసి, ఉప్పులో ఊరవేసిన నిమ్మకాయ తొక్కను సన్నగా తరిగి పైన చల్లింది. మధ్యలో ఆలివ్ కాయలతో వండిన హలాల్ కోడికూర, చుట్టూ రొట్టెలు, పక్కన ఈ వేపుడు. బిస్మిల్లా చెప్పి అందరం ఒకే పళ్ళెం చుట్టూ కూర్చున్నాం.

మా మేనకోడలు ఒక రేకు తుంచి నోట్లో వేసుకుంది. తరువాత ఒక ముక్క తిన్నది. ఆ తరువాత లెక్క పెట్టటం మానేశాం. చేదు పూర్తిగా పోలేదు. వేయించిన మెంతుల్లో మిగిలేపాటి చేదు అడుగున ఉంది. కానీ దాని మీద తీపీ, పులుపూ, జీలకర్ర ఘాటూ చేరి ఆ చేదునే రుచిగా మార్చాయి. ఆహారానికి వంకలు పెట్టకపోవటం మన ప్రవక్త (సఅసం) సంప్రదాయమని పిల్లలకు మనం చెబుతుంటాం. చెప్పటంతో పాటు, వంక పెట్టనవసరం లేనట్లుగా వండిపెట్టటం పెద్దల వంతు అని ఆ రాత్రి అనిపించింది.

చేదు ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ మార్పు వెనుక ఉన్న కారణం తెలుసుకోదగినది. ఈ జాతి మొక్కలలో గ్లూకోసినోలేట్లు అనే గంధక పదార్థాలుంటాయి. పురుగుల నుంచి మొక్కకు అవే రక్షణ. వాటిలో సినిగ్రిన్ అనేది ఒకటి. ఆశ్చర్యమేమంటే, మన ఆవాలలోనూ ఉన్నది అదే. ఆవపిండిని తడిపినప్పుడు ముక్కుకెక్కే ఘాటు ఆ సినిగ్రిన్ విడిపోవటం వల్లనే పుడుతుంది. అంటే ఆవకాయను లొట్టలు వేసుకుంటూ తినే మనకు ఈ కూరగాయ రుచి అంత పరాయిదేమీ కాదన్నమాట.

నీళ్ళలో ఎక్కువసేపు ఉడికిస్తే ఈ పదార్థాలు విచ్ఛిన్నమై గంధకపు దుర్వాసన గల వాయువులు వెలువడతాయి. తీపి నీళ్ళలోకి దిగిపోతుంది, కాయ మెత్తబడి రంగు చెడుతుంది. పొడి వేడిలో దీనికి భిన్నంగా జరుగుతుంది. నీరు ఆవిరై తీపి చిక్కబడుతుంది. వేడి పళ్ళెం తగిలిన చోట చక్కెరలూ మాంసకృత్తులూ కలిసి బంగారు రంగునూ, వేయించిన గింజల వంటి సువాసననూ ఇస్తాయి. ఉప్పు కూడా నాలుకకు తెలిసే చేదును తగ్గిస్తుంది. ఇక చలి పాత్ర వేరు. మంచు కురిసే రోజులలో మొక్క తన కణాలు గడ్డకట్టకుండా పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటుంది. అందుకే మంచు తగిలిన తరువాత కోసిన కాయ తియ్యగా ఉంటుందని అక్కడి రైతులు చెబుతారు.

కూరగాయ కూడా కొంత మారింది. 1990ల దశకంలో హాన్స్ వాన్ దోర్న్ అనే డచ్చి శాస్త్రవేత్త, ఈ చేదుకు ముఖ్య కారణం సినిగ్రిన్, ప్రోగోయిట్రిన్ అనే రెండు పదార్థాలేనని తేల్చాడు. ఆపైన విత్తన సంస్థలు తమ భాండాగారాలలోని పాత రకాలను వెదికి, చేదు తక్కువగా ఉన్నవాటిని అధిక దిగుబడినిచ్చే రకాలతో సంకరం చేశాయి. కనుక చిన్నప్పుడు చేదుగా తిన్నామని చెప్పే యూరప్ తాతలూ అబద్ధం చెప్పటం లేదు, ఇప్పుడు ఇష్టంగా తింటున్న మనుమలూ అబద్ధం చెప్పటం లేదు. చేదును పసిగట్టే శక్తి పిల్లలలో పెద్దలకన్నా ఎక్కువ. కొందరికి అది పుట్టుకతోనే అధికం. వద్దన్న పిల్లను మొండి అనే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవటం మంచిది.

పోషకాల మాటకొస్తే, పచ్చి కాయలు 100 గ్రాములలో సుమారు 85 మిల్లీగ్రాముల విటమిన్ సి, మూడు గ్రాములకు పైగా మాంసకృత్తులు, దాదాపు నాలుగు గ్రాముల పీచు ఉంటాయి. శక్తి 43 కేలరీలే. వేడికి విటమిన్ సి కొంత తగ్గుతుంది. విటమిన్ కె ఇందులో చాలా అధికం. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్రలు వాడేవారికి ఇది ముఖ్యమైన విషయం. ఈ విటమిన్ ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది గనుక, వారు వైద్యుని అడగకుండా దీనిని ఒక్కసారిగా ఎక్కువగా తినరాదు. పీచు అధికం కనుక అలవాటు లేనివారికి కడుపు ఉబ్బరం కలగవచ్చు. కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి.

ప్రయాణికులకూ, గృహిణులకూ

చదువుకో ఉద్యోగానికో మన బిడ్డలు ఎందరో యూరప్ వెళుతున్నారు. బెల్జియంలో బయట తినేటప్పుడు కొన్ని సంగతులు అడిగి తెలుసుకోవాలి. ఈ చిట్టి క్యాబేజీలోనూ, బంగాళదుంపలు చిదిమి కూరగాయలు కలిపే స్టూంప్ అనే స్థానిక వంటకంలోనూ పందిమాంసం చేరి ఉండవచ్చు. పేరుపొందిన బెల్జియం బంగాళదుంప వేపుళ్ళను చాలాచోట్ల సంప్రదాయంగా పశువు కొవ్వులో వేయిస్తారు. మాంసపు పులుసులలో బీరు పోసి వండే అలవాటూ ఉంది. అడిగితే దుకాణదారులు విసుక్కోరు, ఉన్నది ఉన్నట్లు చెబుతారు. అనుమానమున్న చోట మానుకోవటం, ఇంట్లో శుద్ధంగా వండుకోవటం రెండూ మన చేతిలోని పనులే.

మన దేశంలో నీలగిరులు, హిమాచల్ ప్రదేశ్ వంటి చల్లని కొండ ప్రాంతాలలో ఈ పంట కొద్దిగా పండుతుంది. హైదరాబాదు వంటి నగరాలలో పెద్ద అంగళ్ళలో అప్పుడప్పుడు దొరుకుతుంది గానీ ధర ఎక్కువ. దానికోసం వెదకనవసరం లేదు. అదే జాతికి చెందిన కాలీఫ్లవర్‌నూ, పెద్ద ముక్కలుగా కోసిన క్యాబేజీనీ ఇదే పద్ధతిలో వేయించవచ్చు. ఓవెన్ లేని ఇంట్లో మందపాటి ఇనుప పెనం చాలు. పెనం బాగా కాగాక నూనె వేసి, తుడిచిన ముక్కలను కోసిన వైపు కిందికి పెట్టి, నాలుగైదు నిమిషాలు కదపకుండా వదలాలి. రంగు వచ్చాక తిప్పి, మూత పెట్టి సన్నని సెగ మీద మరో అయిదు నిమిషాలు ఉంచి, చివర మూత తీసి తడి ఆరనివ్వాలి. ఉప్పు, జీలకర్ర, నిమ్మరసం ఉంటే చాలు. పప్పుచారు అన్నంలోకి, రొట్టెలోకి, కోడివేపుడు పక్కన సరిపోతుంది.

మా మరదలు ఇప్పుడు దానికి ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు తాలింపు పెడుతున్నది. ఆవాలకూ ఈ కాయకూ ఉన్న చుట్టరికం తెలిశాక ఆ తాలింపు ఎందుకు అంత బాగా అమరిందో అర్థమైంది. పాఠశాలలో అది వడ్డించే రోజున పిల్ల డబ్బాలో ఇంటి వేపుడు ఉంటున్నది. అందరూ తినే కూరనే తానూ తింటున్నది, హలాల్‌గా తింటున్నది. నేను తిరుగు ప్రయాణమయ్యే ముందు ఆదివారం సంతకు ముగ్గురం కలిసి వెళ్ళాం. బేరం ఆడింది మా మేనకోడలే. అమ్మే పెద్దాయన ఆమె పేటను అడిగి, “ఓహో, కూల్‌కాపర్‌వా!” అని నవ్వి, రెండు కాయలు ఎక్కువ వేశాడు. ఆ మాటకు అర్థమేమిటో పిల్లకు ముందే తెలుసు. అవునని తల ఊపింది.